63 స్కాలర్‌షిప్‌లు, 85 మంది ఆటగాళ్లు: ఒక రిక్రూటింగ్ ఏడాది లెక్కలు

2021 డిసెంబరు మొదటి వారంలో మా అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు హెడ్ కోచ్ ఇచ్చిన జాబితాలో 25 మంది ఆటగాళ్ల పేర్లున్నాయి. వారందరికీ కలిపి ఆయన అడిగింది 15.8 స్కాలర్‌షిప్‌లు. మరుసటి విద్యాసంవత్సరానికి మా చేతిలో మిగిలినవి 11.2. మనుషుల లెక్కలోనూ నలుగురు ఎక్కువయ్యారు. ఈ తేడాను ఎలా సర్దామో, ఆ సర్దుబాటు తర్వాతి మూడేళ్లలో ఏమైందో రాస్తున్నాను.

అమెరికా మధ్య ప్రాంతంలో ఒక మోస్తరు ప్రభుత్వ విశ్వవిద్యాలయం మాది. క్రీడా విభాగంలో స్కాలర్‌షిప్‌ల పట్టిక నా బాధ్యత. ఎవరిని తీసుకోవాలో కోచ్‌లు చెబుతారు, ఏది నిబంధనకు లోబడి ఉందో కంప్లయన్స్ అధికారి చెబుతారు, డబ్బు ఎక్కడినుంచి వస్తుందో ఆర్థిక సహాయ కార్యాలయం చెబుతుంది. ఈ ముగ్గురి మాటలూ ఒక్క పట్టికలో కుదరాలి. అదే నా పని. విశ్వవిద్యాలయం పేరు రాయడం లేదు. ఆటగాళ్లను గుర్తుపట్టకుండా మా అంకెలనూ, ఆటగాళ్ల స్థానాలనూ కొద్దిగా మార్చాను. నిబంధనల అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను.

ఇది మన దగ్గర ఫుట్‌బాల్ అని పిలిచే ఆట కాదు. హెల్మెట్లూ భుజాల కవచాలూ వేసుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. మైదానంలో ఒకసారికి 11 మందే ఉంటారు. కానీ బంతి మన చేతిలో ఉన్నప్పుడు ఒక దళం, ప్రత్యర్థి చేతిలో ఉన్నప్పుడు మరో దళం, తన్నడానికి వేరే మనుషులు. పైగా దెబ్బలు తగలని వారం ఉండదు. అందుకే ఒక్కో కళాశాల జట్టులో వంద మంది దాకా కనిపిస్తారు. క్రికెట్‌లో పదిహేను మంది జట్టును చూసిన కళ్లకు ఇది మొదట దుబారాగానే తోస్తుంది.

నిబంధనలు

కళాశాల క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ తొలి శ్రేణి ఫుట్‌బాల్‌లో రెండు అంతస్తులున్నాయి. పైది ఎఫ్‌బీఎస్. అలబామా, ఒహాయో స్టేట్ వంటి జట్లు అక్కడ ఆడతాయి. కిందిది ఎఫ్‌సీఎస్. మోంటానా, మేము, మాలాంటి మరెన్నో జట్లు ఇక్కడ ఉంటాయి. ఎఫ్‌సీఎస్ ఫైనల్ 2011 జనవరి నుంచి 2025 జనవరి దాకా డల్లాస్ శివారు ఫ్రిస్కోలో జరిగింది. ఆ ఊళ్లో తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయో చెప్పనక్కర్లేదు. స్టేడియం పక్క రోడ్డులోనే ఉంటూ ఈ ఆట సంగతి తెలియనివారు నాకు చాలామంది తగిలారు.

మేం చూస్తున్న ఆ ఏడాది ఎఫ్‌బీఎస్ పరిమితి 85 మంది. అప్పట్లో అక్కడ లెక్కించింది తలలను. ఒక ఆటగాడికి క్రీడా సహాయం కింద ఒక్క డాలరు ఇచ్చినా ఒక స్థానం పోయేది. కాబట్టి ఎవరూ సగం ఇచ్చేవారు కాదు, పూర్తిగానే ఇచ్చేవారు. ఎఫ్‌సీఎస్ పరిమితి 63. ఇక్కడ తలలను కాక వాటాలను లెక్కిస్తారు. 63 పూర్తి స్కాలర్‌షిప్‌ల విలువను ముక్కలు చేసి గరిష్ఠంగా 85 మందికి పంచవచ్చు. ఏడాదిలో కొత్తగా సహాయం పొందేవారు అప్పట్లో 30 మందిని మించకూడదు. రెండో శ్రేణికి 36 స్కాలర్‌షిప్‌లు. మూడో శ్రేణిలో క్రీడా స్కాలర్‌షిప్‌లే లేవు. హార్వర్డ్, యేల్ వంటి బడులుండే ఐవీ లీగ్ తొలి శ్రేణిలో ఉన్నా ఆట పేరిట పైసా ఇవ్వదు.

ఈ పరిమితులు ఎప్పుడూ ఉన్నవి కావు. 1973కు ముందు డబ్బున్న పెద్ద జట్లు తమకు అవసరం లేని కుర్రాళ్లకు కూడా స్కాలర్‌షిప్ ఇచ్చి కట్టేసుకునేవి. వారు పోటీ జట్టులో చేరకపోతే చాలన్నది ఎత్తు. 1973లో మొత్తం 105, ఏడాదికి కొత్తవి 30 అన్న హద్దు వచ్చింది. 1978లో అది 95 అయింది. 1992 నుంచి మెట్లు మెట్లుగా దించి 1994కు 85 దగ్గర నిలిపారు. హద్దు పెట్టగానే దాన్ని దాటే దారులు వెతకడం కూడా మొదలైంది. 2009లో మిసిసిపీ కోచ్ హూస్టన్ నట్ ఒకే ఏడాది 37 మందితో సంతకాలు చేయించారు. వారిలో కొందరు చదువు అర్హత సాధించరన్నది ఆయన లెక్క. ఆ దెబ్బతో వారు ఆడే జట్ల కూటమి (కాన్ఫరెన్స్) సంతకాలకే 28 అని గీత గీసింది.

మా వాటాల లెక్క ఇలా ఉంటుంది. ఆటగాడికి ఇచ్చే క్రీడా సహాయాన్ని అతని పూర్తి ఖర్చుతో భాగిస్తే వచ్చేదే అతని వాటా. మా రాష్ట్రపు విద్యార్థి ఏడాది ఖర్చు గుండ్రంగా 24,000 డాలర్లు, బయటి రాష్ట్రం వారికి 40,000 అనుకుందాం. 12,000 డాలర్లు ఇస్తే స్థానికుడి వాటా 0.5 అవుతుంది, బయటివాడిది 0.3. అంటే అవే డాలర్లు రెండు పుస్తకాల్లో రెండు బరువులు తూగుతాయి. డబ్బు కొరత ఉన్న బడి స్థానికుడిని ఇష్టపడుతుంది. వాటాల కొరత ఉన్న బడి, మిగిలిన ఖర్చు భరించగల బయటి కుటుంబాన్ని వెతుకుతుంది. మాకు ఆ ఏడాది రెండు కొరతలూ ఉన్నాయి కనుక ఈ తర్కం పెద్దగా ఉపయోగపడలేదు.

ఉపయోగపడినవి మరో రెండు. పేద కుటుంబాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు ఈ 63లోకి రాదు. అలాగే 2020 నుంచి, ఆటతో సంబంధం లేకుండా మార్కులను బట్టి విశ్వవిద్యాలయం ఇచ్చే సహాయం కూడా పరిమితిలోకి రావడం మానేసింది. ఆ మార్పు వచ్చాక మా కోచ్‌లు ఆట వీడియో అడిగిన రోజే మార్కుల జాబితా కూడా అడగడం మొదలుపెట్టారు. మంచి మార్కులున్న లైన్‌బ్యాకర్ (రక్షణ దళంలో ముందు వరుస వెనక నిలిచేవాడు) 0.25కే దొరుకుతాడు, మార్కులు లేనివాడికి 0.6 పెట్టాలి. ఇద్దరూ ఒకే వేగంతో పరిగెత్తుతుంటే నిర్ణయం కష్టం కాదు.

కింది వైపూ ఒక హద్దుంది. ఎఫ్‌బీఎస్ జట్లు డబ్బిచ్చి మరీ మమ్మల్ని తమ మైదానానికి పిలుస్తాయి. ఆ ఒక్క మ్యాచ్‌కు కొన్ని లక్షల డాలర్లు వస్తాయి, చాలా చిన్న బడుల క్రీడా బడ్జెట్‌కు అదే ఊపిరి. కానీ మాపై గెలుపు వారి బౌల్ మ్యాచ్ (సీజన్ ముగిశాక తగినన్ని గెలుపులున్న జట్లు ఆడేది) అర్హతకు లెక్కకు రావాలంటే, రెండేళ్ల సగటున మేం 63లో 90 శాతం, అంటే 56.7 స్కాలర్‌షిప్‌లు ఇస్తూ ఉండాలని అప్పటి నిబంధన. అది లేకపోతే మమ్మల్ని పిలిచేవారుండరు. పొదుపు చేద్దామని ఆర్థిక విభాగం వారు అన్న ప్రతిసారీ నేను ఈ అంకెను గుర్తు చేస్తూ వచ్చాను.

2021లో ఎందుకు ముడిపడింది

కోవిడ్ వల్ల 2020 శరదృతువులో ఆడాల్సిన ఎఫ్‌సీఎస్ సీజన్‌లో ఎక్కువ భాగం 2021 వసంతానికి జరిగింది. ఆ సీజన్ ఎవరి అర్హత కాలంలోనూ లెక్కకు రాదని ఎన్‌సీఏఏ ప్రకటించింది. ఫలితంగా జట్టులోని ప్రతివాడికీ ఒక అదనపు ఏడాది చేతికొచ్చింది. ఆఖరి ఏడాది పూర్తిచేసి వెళ్లిపోవాల్సినవారు ఆగిపోయారు. 2021-22లో అలా ఆగినవారికి ఇచ్చే సహాయాన్ని పరిమితి నుంచి మినహాయించారు కాబట్టి ఆ ఏడాది ఎవరికీ నొప్పి తెలియలేదు. 2022-23 నుంచి మినహాయింపు లేదు. 2020 సీజన్ నాటికి ఆఖరి ఏడాదికి చేరని మిగతావారి దగ్గరా అదనపు ఏడాది అలాగే ఉంది. ముడి అక్కడ పడింది.

దీనికి తోడు 2021 ఏప్రిల్‌లో బదిలీ నిబంధన మారింది. ఒక బడి వదిలి మరో బడికి వెళ్లే ఆటగాడు ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేకుండా, ఒకసారికి వెంటనే ఆడే వీలు వచ్చింది. బడి మారాలనుకునే ఆటగాళ్ల పేర్లుండే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ 2018 నుంచే ఉన్నా, ఈ మార్పుతో అది నిజంగా సంతగా మారింది. మా అంతస్తుకు ఇది రెండంచుల కత్తి. పై జట్లలో ఆడే అవకాశం రానివారు కిందికి వస్తారు, మా దగ్గర మెరిసినవాడు పైకి వెళ్తాడు. ఎఫ్‌బీఎస్ జట్లు సంతకాల కోటాలో కొంత బదిలీ ఆటగాళ్లకే ఖర్చుపెట్టడంతో, 2022లో హైస్కూలు ముగించే కుర్రాళ్లకు పైన చోటు తగ్గింది. రెండేళ్ల క్రితమైతే మా ఫోను ఎత్తని కుటుంబాలు తిరిగి ఫోను చేయసాగాయి.

డిసెంబరు నాటికి పట్టిక ఇలా ఉంది. కొనసాగుతారని ఖాయంగా తెలిసినవారు 64 మంది, వారి వాటాలు 51.8. మిగిలినవి 21 స్థానాలు, 11.2 వాటాలు. కోచ్ అడిగినవి: అదనపు ఏడాది ఆడాలనుకునే అయిదుగురు పాతవారికి 4.2, పోర్టల్ నుంచి ఒక క్వార్టర్‌బ్యాక్‌కు (దాడిని నడిపే, బంతి విసిరే ఆటగాడు) 1.0, ఒక కార్నర్‌బ్యాక్‌కు (ప్రత్యర్థి విసిరే బంతులను అడ్డుకునే రక్షకుడు) 0.8, రెండేళ్లుగా సొంత ఖర్చుతో ఆడుతున్న ఇద్దరు వాక్-ఆన్‌లకు చెరో 0.5, హైస్కూలు నుంచి 16 మందికి 8.8.

పట్టికలో మరో గడి

ఇలాంటప్పుడు మామూలుగా జరిగేది బేరం. అందరి వాటాల్లోంచి తలా కొంచెం కోస్తారు, గొంతు పెద్దదైన కోచ్ తన స్థానాలను కాపాడుకుంటాడు. నేను పట్టికలో ప్రతి పేరు పక్కనా మరో గడి చేర్చాను: ఈ వాటా తిరిగి ఎప్పుడు చేతికొస్తుంది? నిజానికి ఒక్క గడి సరిపోలేదు, రెండు కావలసి వచ్చాయి. మామూలుగానే ఆటగాడికి అయిదేళ్లలో నాలుగు సీజన్లు ఉంటాయి. 2018 నుంచి నాలుగు మ్యాచ్‌ల దాకా ఆడినా ఆ ఏడాదిని రెడ్‌షర్ట్‌గా, అంటే నాలుగు సీజన్లలో లెక్కకు రాని ఏడాదిగా, మిగుల్చుకోవచ్చు. దానిపైన కోవిడ్ ఏడాది. కాబట్టి ఒక్కో వాటాకు త్వరగా వస్తే ఎప్పుడు, ఆలస్యమైతే ఎప్పుడు అని రెండు తేదీలు రాశాను.

చిట్టీ వేసినవారికి ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఎంత పాడుకున్నామన్నది ఎంత ముఖ్యమో ఏ నెలలో పాడుకున్నామన్నదీ అంతే ముఖ్యం.

ఆ రెండు గడులు నింపగానే జాబితా రూపం మారిపోయింది. అదనపు ఏడాది అడుగుతున్న పాత ఆటగాడి 1.0 చూడ్డానికి బరువు, కానీ అది ఏడాదిలో తిరిగొస్తుంది. హైస్కూలు నుంచి వచ్చే లైన్‌మన్ (ముందు వరుసలో ప్రత్యర్థిని ఢీకొనే భారీ ఆటగాడు) 0.5 తేలికగా కనిపిస్తుంది. కానీ అతను నాలుగైదేళ్లు ఉంటాడు, ఆట మెరుగైన కొద్దీ వాటా పెరుగుతుంది. నాలుగేళ్లలో 0.5, 0.6, 0.8, 0.9 చొప్పున కలిపితే అతను వాడుకునేది 2.8 స్కాలర్‌షిప్ ఏళ్లు. కాగితం మీద స్కాలర్‌షిప్ ఏడాదికోసారి పునరుద్ధరించేదే. జూలై 1లోగా ఆటగాడికి ఆ సంగతి రాతపూర్వకంగా చెప్పాలి, తగ్గిస్తే అప్పీలు చేసుకునే హక్కు అతనికి ఉంటుంది. అంటే అప్పటి నిబంధన ప్రకారం ఏటా కోసేయవచ్చు. కానీ అలా కోసే బడికి మరుసటి ఏడాది హైస్కూలు కోచ్‌లు పిల్లల్ని పంపరు. కాబట్టి కాగితం ఏమన్నా, పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఇచ్చిన మాట నాలుగేళ్ల అప్పు కిందే రాసుకోవాలని నా పట్టు.

"ముసలివాళ్లంతా కొత్త కుర్రాళ్ల డబ్బు తింటున్నారు" అన్నది అప్పట్లో అన్ని బడుల్లోనూ వినిపించిన మాట. స్కాలర్‌షిప్ ఏళ్లలో లెక్కిస్తే అది సగమే నిజం. వారిని ఒక ఏడాది ఉంచుకోవడం చౌక. అయితే వారిని ఉంచుకుని కొత్తవారి సంఖ్య కోస్తే, ఆ లోటు ఆ ఏడాది కనిపించదు. మూడేళ్ల తర్వాత, జట్టుకు వెన్నెముక కావాల్సిన మూడో ఏడాది, నాలుగో ఏడాది కుర్రాళ్లు ఉండాల్సిన చోట ఖాళీ కనిపిస్తుంది.

దీన్ని కోచ్‌కు నమ్మించడానికి నేను చూపించిన ఉదాహరణ సదర్న్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం. రెగీ బుష్ అనే ఆటగాడు నిబంధనలకు విరుద్ధంగా డబ్బు, కానుకలు తీసుకున్న వ్యవహారంలో 2010 జూన్‌లో ఎన్‌సీఏఏ వారిని శిక్షించింది. రెండేళ్లు బౌల్ మ్యాచ్‌ల నిషేధం, మూడేళ్లలో 30 స్కాలర్‌షిప్‌ల కోత. అప్పీలు నడిచినంతకాలం కోత ఆగింది. అమల్లోకి వచ్చాక ఏడాదికి కొత్తవారు 15 మంది, మొత్తం 75 మంది అన్న హద్దుల్లో బతకాల్సి వచ్చింది. 2011లో వారు 10 గెలిచి 2 ఓడారు. శిక్ష ఏమీ చేయలేదని చాలామంది అనుకున్నారు. 2012 సీజన్ మొదట్లో వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ తన ర్యాంకుల్లో వారిని దేశంలో మొదటి స్థానంలో పెట్టింది. ఆ సీజన్ 7-6తో ముగిసింది. 2013 సెప్టెంబరులో అరిజోనా స్టేట్ చేతిలో 62-41తో ఓడి తిరిగొచ్చిన రాత్రి, విమానాశ్రయంలోనే కోచ్ లేన్ కిఫిన్‌ను తొలగించారు. ఓటములన్నింటికీ స్కాలర్‌షిప్ కోతే కారణమని నేను అనను. కిఫిన్ నిర్ణయాల మీద వచ్చిన విమర్శలకూ ఆధారాలున్నాయి. కానీ గాయపడినవాడి స్థానంలోకి వచ్చే రెండో మనిషి లేకపోవడం అన్నది ఆ రెండేళ్లూ ఆ జట్టును వెంటాడింది. పట్టికలో తగ్గించింది మైదానంలో రెండేళ్లు ఆలస్యంగా కనిపిస్తుందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

పేరు పేరునా

అయిదుగురు పాతవారిలో ముగ్గురిని ఉంచుకున్నాం, 2.6 వాటాలతో. ఎవరి ప్రతిభ ఎక్కువ అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఎవరి వెనుక సిద్ధమైన వారసుడు లేడన్నదే ప్రశ్న. మిగిలిన ఇద్దరిలో ఒకరు అసలు ఆ ఏడాది మా ఉత్తమ రక్షణ ఆటగాళ్లలో ఒకడు. కానీ అతని స్థానంలో ఇద్దరు రెండో ఏడాది కుర్రాళ్లు ఎదురుచూస్తున్నారు. వాళ్లకు మైదానం దొరకకపోతే పోర్టల్‌లోకి పోతారు. ఈ కబురు డిసెంబరులోనే చెప్పాలని నేనూ కంప్లయన్స్ అధికారీ పట్టుబట్టాం. మే నెలలో చెబితే వారికి మరో బడి వెతుక్కునే వ్యవధి ఉండదు. ఇద్దరికీ అప్పటికే డిగ్రీ చేతికొచ్చింది. ఒకరు మరో బడిలో మాస్టర్స్‌లో చేరి అక్కడ ఆడాడు, ఇంకొకరు ఉద్యోగంలో చేరాడు.

క్వార్టర్‌బ్యాక్ విషయం ఎక్కువ సమయం తీసుకుంది. పై అంతస్తు జట్టులో రెండేళ్లు బెంచి మీద కూర్చున్నాడు, ఇంకా రెండు సీజన్లు మిగిలాయి, పూర్తి స్కాలర్‌షిప్ కావాలంటున్నాడు. మరో బడి అతనికి పూర్తిగా ఇస్తానంది కూడా. అతని ఆర్థిక సహాయ దరఖాస్తు తెప్పించి చూస్తే పెల్ గ్రాంటుకు పూర్తి అర్హత ఉంది. 2022-23కు ఆ గ్రాంటు గరిష్ఠం 6,895 డాలర్లు. మేం 0.8 ఇస్తే 32,000, దానికి 6,895 కలిస్తే 38,895. అతని జేబులోంచి పడేది ఏడాదికి 1,100 డాలర్ల చిల్లర. పూర్తి స్కాలర్‌షిప్ ఇస్తే గ్రాంటు పైన మిగిలి అతనికి లాభమే, అందులో సందేహం లేదు. ఆ సంగతి దాచకుండా అతనికీ అతని తల్లికీ రెండు లెక్కలూ పక్కపక్కన రాసి ఇచ్చాం. "ఇక్కడ వాడు ఆడతాడా?" అని ఆమె అడిగారు. ఆడతాడని కోచ్ హామీ ఇవ్వలేదు. మొదటి రోజు నుంచి పోటీలో ఉంటాడని మాత్రం చెప్పారు. వాడు వచ్చాడు.

కార్నర్‌బ్యాక్ 0.6కు ఒప్పుకున్నాడు. వాక్-ఆన్‌లకు 0.4 చొప్పున ఇచ్చాం. ఇక్కడ కోచ్‌తో నాకు కాస్త గొడవ జరిగింది. సొంత డబ్బుతో ఎలాగూ ఆడుతున్నారు కదా, ఆ 0.8 పెట్టి ఇంకో ఇద్దరు కొత్తవాళ్లను తెచ్చుకోవచ్చు కదా అన్నది ఒక సహాయక కోచ్ వాదన. బంతిని తన్నే సమయంలో దిగే ప్రత్యేక దళాల్లో ఆ ఇద్దరూ ప్రతి మ్యాచ్ ఆడారు, మిగతా వాక్-ఆన్‌లు వారినే చూస్తున్నారు. వారికి ఏమీ రాకపోతే మరుసటి ఏడాది మంచి వాక్-ఆన్ మా గడప తొక్కడు. 63 వాటాలతో వంద మంది జట్టు నడిపేవాడికి ఉచితంగా ఆడేవారి ఆశే పెట్టుబడి. హెడ్ కోచ్ నా వైపు నిలబడ్డారు.

ఇక హైస్కూలు కుర్రాళ్లు. 16 మంది నుంచి 13కు, 8.8 నుంచి 5.4కు దించాం. ముగ్గురు మార్కుల సహాయం మీద వచ్చారు, వారికి తలా 0.25 చాలింది. అసలు చర్చ నలుగురు ఆఫెన్సివ్ లైన్‌మన్‌ల గురించి. లైన్‌మన్ వచ్చేటప్పటికి ఆటకు సిద్ధంగా ఉండడు. శరీరం నిండాలి, అడుగుల పని నేర్చుకోవాలి, మొదటి ఏడాది రెడ్‌షర్ట్ ఖాయం, రెండో ఏడాది ప్రత్యామ్నాయం. అంటే మూడో ఏడాది దాకా రాబడి లేని పెట్టుబడి. కోచ్ వారికి 0.6 చొప్పున ఏడాది కాగితం ఇవ్వాలన్నారు. నేను 0.5తో మొదలై ఏటేటా ఎంత పెరుగుతుందో ముందే రాసిన నాలుగేళ్ల ఒప్పందం ఇద్దామన్నాను. బహుళ సంవత్సరాల స్కాలర్‌షిప్‌లకు ఎన్‌సీఏఏ 2012 నుంచి అనుమతిస్తోంది. ఒప్పందం నడిచినంతకాలం ఆట బాగాలేదనో గాయమైందనో తగ్గించడానికి వీల్లేదు. కోచ్‌ల అభ్యంతరం అక్కడే: ఎదగని కుర్రాడిని నాలుగేళ్లు మోయాలి. నిజమే. కానీ 0.6 ఇస్తామన్న మరో బడి ఏడాది కాగితమే ఇస్తుంటే, మేం 0.1 తక్కువతో నాలుగేళ్ల భద్రత అమ్మగలం. కుర్రాళ్లు మొదటి అంకె చూస్తారు. తల్లిదండ్రులు ఆఖరి అంకె చూస్తారు. నలుగురిలో ముగ్గురు సంతకం చేశారు.

నాలుగోవాడు అక్టోబరులో మాకు మాట ఇచ్చాడు. డిసెంబరు 15న తొలి సంతకాల గడువు మొదలవుతుందనగా, ఆ వారంలోనే ఒక ఎఫ్‌బీఎస్ జట్టు పిలిచింది, వెళ్లిపోయాడు. నోటిమాటకు ఇరువైపులా కట్టుబాటు లేదు కాబట్టి తప్పు పట్టడానికి లేదు. మేమూ రెండు చోట్లకు ముగ్గురికి ఆఫర్ ఇచ్చే రకమే. ఆ సంగతి కుటుంబాలకు ముందే చెప్పాలన్నది మాత్రం మా హెడ్ కోచ్ నియమం. ముందు సంతకం చేసినవారికి చోటు, తర్వాతివారికి మరుసటి ఏడాది వాక్-ఆన్ ఆహ్వానం. కొందరు హైస్కూలు కోచ్‌లకు ఇది నచ్చదు. చెప్పకుండా చేసే బడుల పద్ధతి వారికి ఇంకా తక్కువ నచ్చుతుందని నా అనుభవం. అతని చోటును ఫిబ్రవరి సంతకాల్లో మా రాష్ట్రపు కుర్రాడితో నింపాం.

మిగిలిన 1.0, ఒక స్థానం ఖాళీగా ఉంచాం. డిసెంబరులో అంత గొడవ పడి కోసిన జట్టు పూర్తి స్కాలర్‌షిప్‌ను ఎందుకు వదిలేస్తుందని రిక్రూటింగ్ సిబ్బంది గునిశారు. అప్పట్లో వసంతం ప్రాక్టీసులయ్యాక, మే 1 బదిలీ గడువుకు ముందు, పై అంతస్తులో స్థానం పోయినవారు గుంపుగా పోర్టల్‌లోకి వచ్చేవారు. అప్పటికి చాలా బడుల దగ్గర వాటాలు అయిపోయి ఉండేవి, కాబట్టి బేరం మనవైపు ఉండేది. మే నెలలో ఒక డిఫెన్సివ్ లైన్‌మన్ 0.7కు దొరికాడు. డిసెంబరులోనైతే అతను 1.0కు తక్కువ మాట్లాడేవాడు కాదు.

తర్వాత

క్వార్టర్‌బ్యాక్ రెండు సీజన్లూ ఆడాడు. కార్నర్‌బ్యాక్ ఒక్క సీజన్ ఆడి పై అంతస్తుకు వెళ్లిపోయాడు. అతని 0.6 పట్టికలో రాసిన తేదీకన్నా ఏడాది ముందే తిరిగొచ్చింది. పోర్టల్ యుగంలో త్వరగా వస్తే ఎప్పుడన్న గడికి విలువ పెరిగిందని అప్పుడే అర్థమైంది. ఇప్పుడు ప్రతి పేరుకూ వెళ్లిపోయే అవకాశం ఎంతో కోచ్‌ల చేత అంచనా వేయించి, దాన్ని బట్టి మరుసటి ఏడాది ఖాళీలను లెక్కిస్తాం. ఆ అంచనాలు తరచూ తప్పుతాయి. ఏ అంచనా లేకుండా జనవరిలో ఉలిక్కిపడటం కన్నా నయం.

లైన్‌మన్‌లలో ఇద్దరు మూడో ఏడాదికి ప్రధాన జట్టులోకి వచ్చారు. ఒకరికి మోకాలి గాయం, మళ్లీ ఆడలేడని వైద్యులు తేల్చారు. అలాంటి ఆటగాడికి సహాయం కొనసాగించినా పరిమితిలో లెక్కించనక్కర్లేదు. నాలుగేళ్ల ఒప్పందం వల్ల అతని చదువు ఆగలేదు, మా 63కూ భారం కాలేదు. నాలుగేళ్ల కాగితానికి అభ్యంతరం చెప్పిన సహాయక కోచే ఈ కుర్రాడి విషయం ఇప్పుడు రిక్రూటింగ్ ఇళ్లల్లో చెబుతుంటాడు. ఫిబ్రవరిలో వచ్చిన స్థానికుడు ఆటలో ఎదగలేదు. అతని వాటా ఇంకా నడుస్తోంది. అంత భారం ముందే లెక్కలో ఉంది.

నా ఉద్యోగం ఏమిటో తెలిశాక అమెరికాలోని తెలుగు తల్లిదండ్రులు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "ఆటలో రాణిస్తే కాలేజీ చదువు పూర్తిగా ఉచితమేనా అండీ?" మన దగ్గరి స్పోర్ట్స్ కోటా సీటు వారి మనసులో ఉంటుంది. అది ఒకసారి వస్తే వచ్చినట్టే. ఇక్కడిది అలా కాదు. మన పిల్లలు ఎక్కువగా ఆడే టెన్నిస్‌నే తీసుకోండి. 2025 దాకా తొలి శ్రేణిలో అమ్మాయిల జట్టుకు 8 పూర్తి స్కాలర్‌షిప్‌లు, అబ్బాయిల జట్టుకు 4.5 మాత్రమే, అవీ ముక్కలు చేసుకునేవే. అబ్బాయి తండ్రి ఎవరైనా నన్నడిగితే, ఆట వీడియోతో పాటు మార్కుల సహాయం, కుటుంబ ఆదాయాన్ని బట్టి వచ్చే సహాయం ముందు లెక్క వేసుకోమంటాను. కోచ్‌తో మాట్లాడేటప్పుడు మొదటి ఏడాది అంకె కాక, నాలుగేళ్ల అంకె రాతలో అడగమంటాను.

2025 జూన్ 6న న్యాయమూర్తి క్లాడియా విల్కెన్, ఎన్‌సీఏఏపై ఆటగాళ్లు వేసిన దావాలో కుదిరిన హౌస్ ఒప్పందాన్ని ఆమోదించడంతో ఈ వ్యవస్థ పై అంతస్తులో తలకిందులైంది. ఒప్పందంలో చేరిన బడులకు స్కాలర్‌షిప్ పరిమితే లేదు. దాని బదులు ఫుట్‌బాల్ జట్టులో 105 మందికి మించి ఉండకూడదు. తొలి ఏడాది 20.5 మిలియన్ డాలర్ల దాకా ఆటగాళ్లకు నేరుగా పంచవచ్చు. తలల లెక్క పోయింది, అంటే పెద్ద జట్లు కూడా ఇప్పుడు సగం, పావు ఇవ్వవచ్చు. ఇంతకాలం మాలాంటి బడులకే కావాల్సి వచ్చిన వాటాల లెక్క వారికీ అవసరపడుతోంది. పై అంతస్తులో ఇదే పని చేసే ఒకరిద్దరు నన్ను పట్టిక నమూనా అడిగారు కూడా. 105 హద్దు వల్ల దెబ్బతిన్నది వాక్-ఆన్‌లు. 120 మందితో నడిచిన జట్లు వారినే ముందు బయటికి పంపాయి. అప్పటికే జట్టులో ఉన్నవారికి కొంత మినహాయింపు దొరికింది గానీ, కొత్తగా రాబోయేవారికి ఆ తలుపు ఇరుకైంది. ఆ కుర్రాళ్లలో కొందరు మా వైపు చూస్తున్నారు.

మా విశ్వవిద్యాలయం ఒప్పందంలో చేరలేదు. మా పట్టిక ఇంకా 63 దగ్గరే ఉంది. 2022లో వచ్చిన లైన్‌మన్‌లలో ప్రధాన జట్టులో ఉన్న ఇద్దరికీ రెడ్‌షర్ట్ వల్ల 2026 సీజన్ మిగిలింది. ఒప్పందంలో రాసిన నాలుగేళ్లు ఆ సీజన్‌కు ముందే ముగుస్తాయి కాబట్టి అయిదో ఏడాదికి కొత్తగా వాటా నిర్ణయించాలి. ఇద్దరికీ పోర్టల్‌లో గిరాకీ ఉంది. కోచ్ చెరో 1.0 అడుగుతున్నారు. ఆ గడిలో ప్రస్తుతానికి 0.9 రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఉంచాను.